తోక మీద కంబళి

ఆరుద్ర కార్తె, రెండో రోజు

పదకొండు గాలిమరలూ చూసి వచ్చాను. మూడో స్తంభాన్ని పట్టి ఉంచే తీగ ఒకటి వదులైంది. పానాతో తడితే మొద్దుగా మోగింది. బిగించాను. ఊరి పెద్ద లాలెప్ప మర తోక కీలుకు గ్రీజు ఎండినట్టుంది. ఆయనకు చెప్పాను, చూసుకుంటానన్నాడు. తోకను ముట్టుకునే హక్కు ఇంటివాళ్లదే. కాపరిగా నేను కింద నిలబడి బైనాక్యులర్‌తో చూడాలి, అంతవరకే.

పొద్దున మాట్లాడే పెట్టె, పెద్దగాలికి మరలు దించాల్సిన ఈ వారం వరుస మళ్లీ ఒకసారి వినిపించింది. మాది ఏడు. పోయిన వారం కూడా ఏడే.

ఏడు చాలు. పెద్దగాలి బయలుదేరితే పడమటి కొండవాళ్లు తీగ మీద గంట కొడతారు. గంట మోగినప్పటి నుంచి గాలి మా మిట్టను తాకేదాకా అయిదు గంటలు. ఒక మరను స్తంభంతో సహా నేలకు వంచి దించడానికి ఎనిమిది మంది చక్రం తిప్పితే నలభై నిమిషాలు. చక్రం ఒకటే ఉంది. ఎంత తొందరపడినా ఏడు మరలు దిగుతాయి. ఎనిమిదోది నిలబడే ఉంటుంది.

వరుస పెట్టెదే. ఆ వారం ఏ మర కరెంటు ఎక్కువ ఇస్తే దాన్ని ముందు దించాలి. పెట్టెను చేసినవాళ్లు ఎవరో మాకు తెలియదు. విప్పడం తెలిసినవాళ్లు మా తాతల కాలంలోనే పోయారు. అది వింటుంది, చెబుతుంది, విన్నది చెరపదు. కాపరి బొటనవేలు పెట్టి తోక దోషం అని చెబితే ఆ దోషం ఇంటి పేరు మీద పడి, ఆ ఇంటి మర ఏడాదిపాటు వరుసలో చివరకు పోతుంది. ఇంకెవరి మాటా అది తీసుకోదు.

ఈ పుస్తకం మాత్రం పెట్టె చదవదు.

పోయిన ఏడాది పెద్దగాలికి రెండు మరలు విరిగాయి. మర లేని ఇంటికి బోరు నీళ్లు లేవు. అయిదో రోజు దిగువకు దిగిపోవాలి. ఆ రెండిళ్లవాళ్లూ దిగారు. దిగువన నీళ్లున్నాయని ఇంతవరకు ఎవరూ పైకి వచ్చి చెప్పలేదు.

నా భార్య తిమ్మక్క మోకాళ్లు వాచి ఉన్నాయి. నేల కింది ఇంటికి మెట్లు ఆరు. వెలుగులోకి రావడానికి ఆ ఆరూ కూర్చొని ఎక్కుతోంది.

ఆరుద్ర కార్తె, అయిదో రోజు

పదకొండు గంటలప్పుడు సుడిగాలి కొట్టింది. పెద్దది కాదు. మరల కింద నిలబడి తోకలు చూశాను.

చేసినవాళ్లు మరను తెలివిగానే చేశారు. గాలి ముదిరితే తోక తనంతట తాను పక్కకు మడుచుకుంటుంది. అప్పుడు రెక్కలు గాలికి ఎదురు నిలవకుండా పక్కకు తిరిగి నెమ్మదిస్తాయి. గాలి తగ్గాక తోక తన బరువుకు తానే జారి చక్కబడుతుంది. తోక బరువు పెంచితే ఆలస్యంగా మడుచుకుంటుంది. మడుచుకోకుండా ఆగినంతసేపూ కరెంటు ఎక్కువ వస్తుంది.

ఈ రోజు పది తోకలు మడుచుకున్నాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. వన్నూరమ్మ మర తోక కదల్లేదు. రెక్కలు కనిపించకుండా తిరిగి తెల్లటి చక్రంలా అయ్యాయి. స్తంభం అదిరింది. ఇంకొంచెం కొట్టి ఉంటే పోయేది.

వన్నూరమ్మ నా తమ్ముడి భార్య. మారెన్న రెండేళ్ల కింద ఆ స్తంభం మీది నుంచే పడి చనిపోయాడు. తోక కీలుకు గ్రీజు పెట్టబోయి పడ్డాడని పెట్టెకు చెప్పాను. అప్పటి నుంచి ఆమె ఒక్కతే ఉంటోంది. పోయిన ఆదివారం ఆమె మర వరుసలో తొమ్మిది.

చక్రం దగ్గర కాజప్ప కూర్చొని పళ్లకు నూనె పెడుతున్నాడు. ఆయన మర ఎప్పుడూ పదో పదకొండో.

"ఏం సుంకన్నా, నా మర ఉండాదా, పాయనా?"

"ఉండాది."

"ఉంటే మంచిదే. పోతే కూడా చెప్పుబ్బా. ఊరోళ్ల మరలు దించను ఈ చక్రానికి నూనె పెట్టే పని తప్పుతాది."

ఆయన నవ్వాడు. నేను వన్నూరమ్మ తోక సంగతి చెప్పలేదు.

ఆరుద్ర కార్తె, ఆరో రోజు

వన్నూరమ్మ ఇంటికి పోయాను. రాగులు విసురుతోంది. చెయ్యి ఆపలేదు.

"చూసినావా బావా?"

"చూసినా."

"పెట్టెకు చెప్పినావా?"

"ఇంగా లేదు. ఎంత పెట్టినావు?"

"ఆరు కిలోలుంటాది. పాత బ్యాటరీల సీసం."

"ఆరా? రెండు పెడితే ఎవురూ అనరు."

"రెండు పెడితే తొమ్మిది నుంచి ఎనిమిదికి వస్తా. ఎనిమిదికి వచ్చి ఏం చేసుకోవల్ల?" విసురుడు రాయి ఆపింది. "నీ తోక మీద లేదా బావా? లాలెప్ప మామ తోక మీద లేదా? దించినప్పుడల్లా అందరూ ఉరికి కంబళి కప్పేది దేనికి, మరకు చలేస్తాదనా?"

మర నేలకు వంగగానే ఇంటివాళ్లు తోక మీద కంబళి కప్పడం మా మిట్ట ఆచారం. దుమ్ము పడకుండా అంటారు. కంబళి ఎత్తి చూడటం ఇంకొకరి ఇంట్లో కుండ మూత తీసి చూడటంతో సమానం. ఎవరూ చూడరు.

"మీ తమ్ముడు గ్రీజుకు ఎక్కలేదు. సీసం కట్టను ఎక్కినాడు. అది నీకు తెలుసు" అంది.

"ఆరు కిలోలతో పెద్దగాలి వస్తే దించేలోపలే పోతాది మర. నిన్న సుడిగాలికే అదిరింది. తీసెయ్."

"తీస్తే చెప్పవా?"

"చెప్పను."

"ఒట్టు?"

"చెప్పనంటి కదా."

మధ్యాహ్నం ఆమె చీర గోచీ పోసి స్తంభం ఎక్కింది. నలభై అడుగులు. నేను కింద నిలబడ్డాను. సీసం పలకలు ఒక్కొక్కటీ విప్పి కిందికి వేసింది. రెండు కిలోలు ఉంచుకోమని అరిచాను. ఆమె దిగి వచ్చాక చెప్పింది, "రెండు ఉంచల్లంటే మళ్లీ సరిగా కట్టల్ల. పైన ఒంటి చేత్తో అయ్యేది కాదు. మొత్తం తీసేస్తి."

మిట్ట మీద ఏ బరువూ లేని తోక ఇప్పుడు అదొక్కటే.

ఆరుద్ర కార్తె, ఏడో రోజు, ఆదివారం

పెట్టె కొత్త వరుస చెప్పింది. వన్నూరమ్మ మర ఆరు. ఆరు కిలోల సీసంతో అయిదు రోజులు తిరిగిన లెక్క అది. ఆమె వరుసలో పైకి వచ్చేసరికి ఆరు ఏడైంది, ఏడు ఎనిమిదైంది.

మాది ఎనిమిది.

ఇంటికి వచ్చి తిమ్మక్కకు చెప్పాను. మోకాళ్లకు ఆముదం ఆకు కట్టుకుంటోంది.

"దానిది తొమ్మిది కదా. ఎట్లెక్కె?"

చెప్పాను.

"నువ్వు చూసినావు."

"తీపిచ్చినా. వచ్చే ఆదివారానికి దానిది కిందికి దిగుతాది. మనది ఏడుకొస్తాది."

"ఆదివారం దాకా ఆగమని గాలికి చెప్పినావా?"

ఆమె ఆకు కట్టుకోవడం అయ్యాక అంది, "మారెన్న పోయినప్పుడు పదకొండు రోజులు దానికి నా నీళ్లు పోసినా. నేనేం దాని మీద పగతో చెప్పడంలే. నేను దిగువకు దిగలేను. నువ్వు మోసుకొని పోతావంటే చెప్పు, కుదురుగా కూచుంటా."

ఆరుద్ర కార్తె, పదో రోజు

పొద్దున ఏడుకు గంట మోగింది.

కాపరి పెట్టె దగ్గరికి పోయి వరుస తెచ్చి చదవాలి. ఆ గదిలోకి ఇంకెవరూ రాకూడదు. బొటనవేలు పెట్టాను. వరుస చెప్పమనాల్సింది. వన్నూరమ్మ మర, తోక దోషం అన్నాను.

"ఎప్పుడు చూశారు?" అని పెట్టె అడిగింది. అది ఎప్పుడూ అడుగుతుంది.

"అయిదో రోజు."

అది అబద్ధం కాదు.

"నమోదైంది. వరుస మారింది."

బయట అందరూ చక్రం చుట్టూ నిలబడి ఉన్నారు. చదివాను. లాలెప్ప ఒకటి. ఆ తర్వాత అయిదు ఇళ్లు. ఏడు మాది. ఎనిమిది వీధి చివరి ఇంటివాళ్లది. కాజప్ప తొమ్మిది. పది బండకింది ఇంటివాళ్లది. పదకొండు వన్నూరమ్మ, తోక దోషం.

"అబ్బా, తొమ్మిదికి ఎక్కినానా!" అన్నాడు కాజప్ప. "ఇంగ రెండు మెట్లెక్కితే బతికిపోతా."

వన్నూరమ్మ నన్ను చూసింది. "బావా" అంది.

లాలెప్ప ముసలివాడే కానీ గొంతు గట్టిది. "మాటలకు టైము లేదు. చక్రం పట్టండి."

చక్రానికి ఇంటికొకరు చొప్పున రావాలి, ఒంట్లో బలం ఉన్నవాళ్లు ఎనిమిది మంది. వన్నూరమ్మ పేరు ఆ ఎనిమిదిలో ఎప్పుడూ ఉంటుంది. ఆమె వచ్చి తన పిడి పట్టుకుంది. నాకు ఎదురు పిడి అది. తల ఎత్తినప్పుడల్లా ఆమె ముఖం నా ముఖానికి ఎదురుగా వస్తుంది.

లాలెప్ప మర దిగింది. ఆయన కొడుకు కంబళి తెచ్చి తోక మీద పరిచాడు. అంచులకు రాళ్లు పెట్టాడు. రెండోది దిగింది, కంబళి. మూడోది దిగింది, కంబళి. నాలుగో దానికి చక్రం పన్ను ఒకటి జారి పావుగంట పోయింది. పడమర ఎర్రగా లేచింది. అయిదు, ఆరు.

మా మర దించేటప్పుడు దుమ్ము నోట్లోకి వస్తోంది. చెవుల్లో గాలి. ఎదురు పిడి దగ్గర నుంచి ఆమె మెల్లగా అంది. నాకొక్కడికే వినిపించింది.

"నా తోక మీద ఏమీ లేదు బావా. నువ్వు చెప్పిన రోజే తీసేస్తి."

"తెలుసు" అన్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు. ఆమె ఆపితే మా మర సగంలో వేలాడేది. ఏడుగురితో ఆ బరువు ఆగదు.

మర నేలకు వంగింది. నేను ఉరికి తోక మీద కంబళి కప్పాను. దాని కింద రెండు కిలోల సీసం నాలుగేళ్లుగా ఉంది.

పన్నెండు కావస్తోంది. చక్రం వదిలి మిగిలిన నాలుగిళ్లవాళ్లు తమ మరల కిందికి పరుగెత్తారు. ప్రతి స్తంభం మొదట్లో ఒక స్విచ్ ఉంటుంది. మర నుంచి వచ్చే మూడు తీగలనూ అది ఒకటిగా కలుపుతుంది. కలిపితే రెక్కలు బిగుసుకుంటాయి. అదే బ్రేకు. రెక్కలు మరీ వేగం పుంజుకోకముందు వేస్తేనే పట్టుతుంది. వేగం మీద వేస్తే లోపల రాగి కాలిపోతుంది, తర్వాత దాన్ని ఆపేదేమీ ఉండదు.

నేను ఇంట్లోకి దిగి బండ మూశాను. మొదటి మర విరిగిన చప్పుడు ఒంటి గంటకు వినిపించింది. గొడ్డలితో నీటి తొట్టిని కొట్టినట్టుంది. రెండోది వెంటనే. మూడోది సాయంత్రం అయిదుకు. నాలుగో దాని కోసం చీకటి పడేదాకా విన్నాను.

ఆరుద్ర కార్తె, పదకొండో రోజు

గాలి తెల్లవారుజామున తగ్గింది. బండ జరిపి బయటికి వచ్చాను.

వీధి చివరి ఇంటివాళ్ల మరకు రెక్కలు లేవు. కాజప్ప మర స్తంభం మధ్యలో ఒంగింది, తల నేలను పొడుస్తోంది. బండకింది వాళ్ల మర కాలి నల్లగా ఉంది. రెక్క ఒకటి లాలెప్ప ఇంటి బండ మీద పడి ఉంది.

వన్నూరమ్మ మర నిలబడి ఉంది. తోక పక్కకు మడుచుకొని ఉంది. రెక్కలు మెల్లగా కదులుతున్నాయి. నేను చూస్తూ ఉండగానే, గాలి ఇంకా తగ్గితే, తోక జారి చక్కబడింది. ఆమె స్తంభం మొదట్లో కూర్చొని ఉంది. రాత్రంతా అక్కడే స్తంభానికి తాడుతో కట్టుకొని కూర్చుందట. చీర అంతా ఎర్రమట్టి.

కాజప్ప తన మర చుట్టూ ఒకసారి తిరిగి, తర్వాత వన్నూరమ్మ మర కిందికి వచ్చాడు.

"పదకొండోది. తోక దోషం. ఇదెట్ల నిలిచె?"

కాజప్ప మా వైపు తిరిగాడు.

"ఆ రెండిండ్లోళ్లూ స్విచ్ వేసిరి. నేనూ వేస్తి. బండకిందోళ్లది కాలిపాయ, నాది వంగిపాయ. దీనికేం మందు పెట్టినారు?"

అని స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు. ఇంకొకరి తోక దగ్గరికి ఎక్కుతున్నాడని లాలెప్ప కొడుకు అరిచాడు. వన్నూరమ్మ "ఎక్కనీ" అంది. కాజప్ప పైదాకా పోయి తోక కింద చెయ్యి పెట్టి తడిమాడు. చాలాసేపు తడిమాడు. దిగి వచ్చాక ఆయన ముఖంలో నవ్వు లేదు.

"తోక ఉట్టిదే. ఏమీ లేదు. కట్టిన గుర్తు కూడా పాతది."

"కట్టింది నిజమే" అంది వన్నూరమ్మ. "ఆరు కిలోలు. తీసిందీ నిజమే, గాలికి నాలుగు రోజుల ముందే. బావ కింద నిలబడి చూసినాడు. అడుగు."

కాజప్ప నన్ను అడగలేదు. దించిన ఏడు మరల వైపు తిరిగాడు. ఏడు కంబళ్లు వరుసగా ఉన్నాయి, మట్టి కప్పుకొని.

"అంటే ఉట్టి తోకైతే నిలబడుకోనుంటాది. దించే పనే లేదు. వరుస లేదు. పోయినేడు దిగువకు పోయినోళ్లు పోకుండా ఉండాల్సింది. నేనూ..." అని ఆగాడు. ఆయన మర తోక కూడా పక్కనే నేలలో దిగబడి ఉంది. దానికి కట్టిన నట్ల సంచి చిరిగి నట్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిని ఒకసారి చూసి, "నాదీ చూసుకోండి, నాలుగు కిలోలు" అన్నాడు. "ఇప్పుడు మీవి ఎత్తండి."

ఏడిళ్లవాళ్లం నిలబడి ఉన్నాం. ఎవరూ కంబళి దగ్గరికి పోలేదు. లాలెప్ప కొడుకు తమ కంబళి అంచు మీద ఇంకొక రాయి పెట్టాడు.

"సుంకన్నా, కాపరివి కదప్పా నువ్వు. నీదన్నా ఎత్తు."

నేను ఎత్తలేదు.

ఆరుద్ర కార్తె, పన్నెండో రోజు

పొద్దున లాలెప్ప మా ఇంటికి వచ్చాడు. ఆయన ఎవరింటికీ మెట్లు దిగి రాడు. తిమ్మక్క రాగి అంబలి ఇచ్చింది. తాగాడు.

"వన్నూరమ్మ మరను సరిగ్గా చూసినావా సుంకన్నా?"

"చూసినా. బాగుంది."

"రెక్కలు చూసినావా?"

"చూసినా."

"ఇంగొకసారి చూడు. అంత గాలికి నిలబడిన రెక్క బాగుంటాదా యాడన్నా? పగులుంటాది. కనపడేట్లు చూస్తే కనపడతాది. రెక్క పగిలితే పెట్టె లెక్కలో మర పోయినట్టే."

ఆయన గిన్నె కింద పెట్టాడు.

"కాజప్ప అడిగేది తప్పు కాదు. అడిగితే ఏమయితాది? ఏడు కంబళ్లు లేపల్ల. ఏడిండ్లు దొంగలని పెట్టెకు చెప్పల్ల. నీదీ చెప్పుకోవల్ల. అప్పుడు మిట్ట మీద ఎవురుంటారు? అది ఒక్కతి ఉంటాది, మర పెట్టుకొని." లేచి నిలబడి, "పోయినేడు పోయినోళ్లను మనమే చంపినామని ఊరంతా చెప్పుకుంటూ బతకల్లా? గాలి చంపింది. గాలే చంపల్ల" అన్నాడు.

ఆయన పోయాక తిమ్మక్క గిన్నె కడిగింది.

పోయాను. వన్నూరమ్మ చూస్తూ ఉండగా స్తంభం ఎక్కాను. మూడు రెక్కలనూ వేలితో తట్టాను. మూడూ ఒకే తీరుగా మోగాయి. వెన్ను మీద చెయ్యి జరిపాను. మొదలు నుంచి కొన దాకా ఎక్కడా వెంట్రుక మందం గీత లేదు. దిగి వచ్చాను.

"ఏమన్నా ఉందా బావా?"

"పగులుంది."

"ఏ రెక్కలో?"

"రెండో దాంట్లో."

"ఏ పక్క?"

నేను పెట్టె గదికి పోయి బొటనవేలు పెట్టాను. వన్నూరమ్మ మర, రెండో రెక్క పగిలింది. నమోదైంది అంది పెట్టె. నాలుగు మరలు పోయాయి, నాలుగు ఇళ్లు అని చెప్పింది.

సాయంత్రం చక్రం దగ్గర కూర్చున్నాం. కాజప్ప మళ్లీ కంబళ్ల మాట ఎత్తకముందే లాలెప్ప అందుకున్నాడు.

"వన్నూరమ్మ మర రెక్కలో పగులంట. కాపరి చెప్పినాడు. అది బాగుచేసుకుంటే తిరిగే పగులే. కానీ రూలు రూలే, మర పోతే ఇల్లు పోవల్ల. బాగుచేసినాక దాన్ని ఎవురికన్నా ఇయ్యల్ల, ఉట్టిగా ఎందుకు నిలబెట్టేది? కాజప్ప ఇంట్లో అయిదు నోర్లుండాయి."

కాజప్ప భార్య వెనక నిలబడి ఉంది. ఆమె చిన్నగా ఏడవడం మొదలుపెట్టింది. సంతోషానికో దేనికో తెలియదు.

కాజప్ప నేల చూశాడు. కాలి బొటనవేలితో మట్టి గీశాడు.

"ఏం కాజప్పా? నువ్వు పైకెక్కి చూసినావు కదా, పగులు లేదంటావా?"

"నేను తోకనే చూస్తి" అన్నాడు కాజప్ప. "రెక్కలు చూళ్లేదు. ఉంటే ఉండచ్చులే."

వన్నూరమ్మ గట్టిగా నవ్వింది. మారెన్న పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

"ఎంత బాగా నేర్చుకుంటివి కాజన్నా," అంది. "మొన్నటి దాకా పదకొండోడివి."

పునర్వసు కార్తె, మొదటి రోజు

ఈ రోజు దిగడం. వీధి చివరి ఇంటివాళ్లు ముగ్గురు, బండకింది వాళ్లు నలుగురు, వన్నూరమ్మ. ఒక్కొక్కరికి ఒక కుండ నీళ్లు ఇచ్చాం. అది రూలులో లేదు. లాలెప్ప ఇమ్మన్నాడు.

వన్నూరమ్మ దిగే ముందు మా ఇంటి పైన బండ మీద కూర్చుంది. మూట చిన్నది. తిమ్మక్క కూర్చొని కూర్చొని ఆరు మెట్లూ ఎక్కి వచ్చింది.

"జొన్నరొట్టెలు కట్టినా. దోవలో తిను" అంది తిమ్మక్క.

తీసుకుంది.

"నీ విసురుడు రాయి..." అంది తిమ్మక్క. "మాది అరిగిపోయింది. నువ్వు దాన్ని మోసుకొని పోలేవు కదా."

నేను ఇంట్లోకి పోదామనుకున్నాను, పోలేదు.

"తీసుకో అక్కా," అంది వన్నూరమ్మ. "పై రాయి కొంచెం ఎడం పక్కకు జారుతాది. పిడి కింద గుడ్డ పెట్టుకో."

లేచి చీర దులుపుకుంది. నా వైపు తిరిగింది. ఏదో అంటుందనుకున్నాను. నా భుజం మీదుగా తన మరను చూసింది. కాజప్ప స్తంభం మీద ఉన్నాడు. పగులుకు జిగురు పూస్తున్నట్టు రెండో రెక్క మీద గుడ్డ తిప్పుతున్నాడు.

"గ్రీజు పెట్టమను బావా. కీలు ఎండింది" అని దిగిపోయింది.

మధ్యాహ్నం ఆమె ఇంటికి పోయి విసురుడు రాళ్లు రెండూ తెచ్చాను. పై రాయి భుజాన మోశాను. కింది రాయి దొర్లించుకుంటూ వచ్చాను. బరువైనవి.

పునర్వసు కార్తె, నాలుగో రోజు

మిట్ట మీద ఇప్పుడు ఎనిమిది మరలు నిలబడి ఉన్నాయి. ఆదివారానికి ఒకటి ఎనిమిదోది అవుతుంది. ఎవరిదో తెలియదు. తోకలు చూడటానికి పొద్దున మిట్ట అంచుకు పోయాను. గాలి హాయిగా ఉంది. ఎనిమిదీ తిరుగుతున్నాయి. కాజప్ప మర, అంటే వన్నూరమ్మది, అన్నిటికంటే బాగా తిరుగుతోంది.

బైనాక్యులర్ కిందికి తిప్పాను. మూడు రోజులకు వాళ్లు చాలా దూరం పోయి ఉంటారనుకున్నాను. ఎనిమిది మందిలో ఏడుగురు కనిపించలేదు. మట్టి తప్ప ఏమీ లేదు. దగ్గర్లోనే, మిట్టకు రెండు మైళ్లలో, ఒక గుండు పక్కన ఒక మనిషి కూర్చొని ఉంది. కుండ పక్కన బోర్లించి ఉంది. ఎర్ర చీరో, మట్టి అయిన తెల్ల చీరో. ఎటూ పోవడం లేదు. ముఖం మిట్ట వైపు తిప్పి ఉంది. అక్కడి నుంచి మనుషులు కనిపించరు, మరలు కనిపిస్తాయి.

తొమ్మిది గంటలకు పెట్టె దగ్గరికి పోయాను. బొటనవేలు పెట్టగానే అది అడిగింది. కాజప్ప మరలో, రెండో రెక్క పగులు సరి అయిందా?

అయింది అని చెప్పాను.